నీలం గ్రూపు తాళం

"ఇంకోసారి చెప్పండి" అన్నాడు డిటెక్టివ్.

సర్వరాయన నీరసంగా తలెత్తాడు. ఆ టైపింగ్ సెంటర్‌లో సర్వర్ బాగోగులు చూసే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు. చెప్పిందే చెప్పడం ఆయనకి ఇది మూడోసారి. పోలీసు ఉద్యోగం చేసిన రోజుల్లోనే డిటెక్టివ్‌కి 'ఇంకోసారి' అని పేరు పడింది. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టుకుంటున్నా ఆ పేరు అతన్ని వదల్లేదు. నిజం చెప్పేవాడికి మూడోసారికి విసుగొస్తుందనీ, అబద్ధం చెప్పేవాడికి మూడోసారికి చెమట పడుతుందనీ అతని లెక్క. సర్వరాయనకి విసుగూ వస్తోంది, చెమటా పడుతోంది. అదే డిటెక్టివ్‌కి అంతుపట్టడం లేదు.

"మా దగ్గరికి వచ్చే రికార్డింగులన్నీ ఒకటే సర్వర్‌లో ఉంటాయండీ. లోపల గ్రూపుకో గది. ఆస్పత్రుల పని పచ్చ గ్రూపు, ఇన్సూరెన్సు పని ఎర్ర గ్రూపు, పోలీసు వాంగ్మూలాలు నీలం గ్రూపు. సర్వర్ వాకిట్లోకి అందరూ ఒకే పేరుతో వస్తారు. ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్ళాలన్నా ఆ గ్రూపు పాస్‌వర్డ్ కొట్టాలి. అది తెలిసినవాళ్ళే లోపలికి పోతారు."

"నీలం గ్రూపుది ఎవరెవరికి తెలుసు?"

"ముగ్గురు టైపిస్టులకి. వాళ్ళు కాక నాకు. గ్రూపులోంచి ఎవరైనా మానేస్తే ఆ రోజే మార్చేస్తాను. కొత్తది కాగితం మీద రాయను, ఫోన్లో చెప్పను. అరచేతిలో రాసుకుని ఒక్కొక్కళ్ళ సీటు దగ్గరికీ వెళ్ళి చూపిస్తాను, వచ్చి చెయ్యి కడుక్కుంటాను. మూడు వారాల కింద ఒకావిడ మానేసింది. వెంటనే మార్చాను."

"మార్చాక పనిచేస్తోందో లేదో చూశారా?"

"ఎందుకు చూడనండీ? పాతది కొట్టాను, రానివ్వలేదు. కొత్తది కొట్టాను, రానిచ్చింది."

కిటికీ దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. అతను ఒకప్పుడు డిటెక్టివ్ చేతి కింద పనిచేసినవాడే. అప్పుడూ 'సార్' అనేవాడు, ఇప్పుడూ 'సార్' అనే అంటున్నాడు. కాకపోతే ఇప్పుడా పిలుపులో కాస్త వెక్కిరింత కలిసింది.

"ఎన్నిసార్లు చెప్పించినా అదే మాట వస్తుంది సార్. లెక్క తేలిపోయిన కేసు ఇది. హత్యని కళ్ళారా చూసిన నర్సు వాంగ్మూలం ఇచ్చింది. వాంగ్మూలం అన్నాక మొదట్లోనే పేరు, వయసు, ప్రస్తుతం ఉంటున్న ఇల్లు చెప్పాలి. చెప్పింది. ఆ రికార్డింగుని పోయిన సోమవారం భోజనాల వేళ ఎవరో నీలం గ్రూపులోంచి కాపీ చేసుకున్నారు. బుధవారానికల్లా ఆ ఇంటి తలుపు పగలగొట్టి మనుషులు జొరబడ్డారు. ఆవిడ పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళింది కాబట్టి బతికిపోయింది."

"అదంతా నాకు తెలుసు."

"తెలిసినా ఒప్పుకోవట్లేదు మీరు. ముగ్గురు టైపిస్టుల్లో ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని నిన్నటిదాకా నెలరోజులు సెలవులో ఉన్నాడు. ఇంకొకావిడ ఆ టైముకి కోర్టులో కాగితాలు అప్పగిస్తోంది. ఈ సర్వరాయన మా స్టేషన్లో కూర్చుని మా కంప్యూటర్ బాగు చేస్తున్నాడు. ఇక మిగిలిందెవరు? మీ వదినగారు. మనసుకి కష్టమే, కాదనను. కాసేపట్లో తీసుకెళ్తున్నాను."

గుమ్మం బయట ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు గోడకానుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళెందుకొచ్చారో అడగక్కర్లేదు.  అన్నయ్య పోయాక కూడా ఆ ఇంట్లో డిటెక్టివ్ కంచం తీయని మనిషి వదిన. ఆవిడ ఈ పని చేసిందంటే నమ్మడం అతని వల్ల కాదు. చేయలేదని చెప్పడానికీ ఇప్పటిదాకా ఒక్క ఆధారం దొరకలేదు. పైగా, పైకి చెప్పుకోలేదు గానీ, పొద్దున్నించి వదిన ఏదో దాస్తోందని అతనికి అనుమానంగానే ఉంది.

"నేనొకటి చెప్పనా?" అన్నాడు తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మేనేజర్.

ఈయన సెంటర్ ఓనర్ భార్యకి తమ్ముడు. ఎదురుగా ఉంటే మేనేజర్ గారంటారు, వెనక్కి తిరిగితే బావమరిది అంటారు. ఏ గ్రూపులోనూ లేడు. కొరియర్ కవర్ల మీద అడ్రసులు కొట్టించడం, టైపిస్టులు టీకి వెళ్ళి ఎంతసేపటికొచ్చారో చూడడం, ఇదే ఆయన ఉద్యోగం.

"మా సర్వర్ తాళం మామూలుది కాదండీ. పోయిన వారం ఎర్ర గ్రూపు వాళ్ళ ఫైలొకటి వెతకబోయి పొరపాటున నీలం మీద నొక్కాను. ఏదో పాస్‌వర్డ్ కొట్టాను. తప్పని చెప్పి ముఖం మీదే తలుపేసింది. తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరూ లోపలికి పోలేరు. పెద్దక్క మీద నాకూ గౌరవమే. కానీ ఉన్నమాట చెప్పాలి కదా."

నీలం గ్రూపులో అందరికంటే సీనియర్ కాబట్టి వదినని అక్కడ పెద్దక్క అంటారు. ఇన్‌స్పెక్టర్ విన్నారా అన్నట్టు డిటెక్టివ్ వైపు కనుబొమ్మలు ఎగరేశాడు. డిటెక్టివ్ లేచి, ఆ రోజు ఫైలు కాపీ అయిన కంప్యూటర్ చూపించమన్నాడు.

అది టైపిస్టుల హాలు మూలలో, మంచినీళ్ళ సీసాల పక్కన ఉంది. టేబుల్ మీద కవర్లు, జిగురు సీసా, కత్తెర. డిటెక్టివ్ వంగి కీబోర్డు చూశాడు. తర్వాత నాలుగడుగులు వేసి వదిన సీటు దగ్గరున్న కీబోర్డు చూశాడు. మళ్ళీ మొదటి దాని దగ్గరికొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అతని వెనకాలే తిరుగుతున్నాడు.

"ఏంటి సార్, కొనడానికా?"

"టైపిస్టుల కీబోర్డుల మీద అక్షరాలే లేవు చూశావా? రోజంతా కొట్టి కొట్టి అరిగిపోయాయి. వాళ్ళకి అక్షరాలతో పనిలేదు, కళ్ళు మూసుకుని కొడతారు. దీని మీద అక్షరాలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. కిందైతే కాలితో రికార్డింగు ఆపే పెడల్ కూడా లేదు. ఇక్కడ టైపిస్టులెవరూ కూర్చోరు."

"అందుకే ఇక్కడ కూర్చుంది. తన సీట్లో కూర్చుని తీస్తే దొరికిపోతుంది కదా."

"తన సీట్లో కూర్చుని తీస్తే ఎందుకు దొరుకుతుంది? ఆ రికార్డింగు టైప్ చేయమని ఇచ్చిందే ఆవిడకి. రోజూ తెరిచేదాన్ని ఇంకోసారి తెరిస్తే ఎవరికనుమానం వస్తుంది? దర్జాగా తన కుర్చీలో చేసుకోగలిగిన పని, లేచొచ్చి అందరూ మంచినీళ్ళు తాగే చోట చేస్తుందా?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తడబాటు కప్పిపుచ్చుకోవడానికి గొంతు పెంచాడు. "మీ వదిన కాకపోతే ఇన్ని తెలివితేటలు చూపించేవారా సార్? అప్పట్లో నన్ను ఎన్నిసార్లు కేకలేశారో గుర్తుందా, అనుమానితుడి మీద జాలి పడకూడదని?"

ఆ మాట డిటెక్టివ్‌కి సూటిగా తగిలింది. 

"ఇంకోటి కూడా వినండి. నర్సుని వేరే ఇంటికి మార్చాం. నిన్న మళ్ళీ వాంగ్మూలం తీసుకున్నాం. పొద్దున నేనే స్వయంగా సర్వర్‌లో వేశాను. మెజిస్ట్రేట్‌కి రేపు టైపు చేసిన కాగితాలు కావాలి. కంటి ఆపరేషన్ అయి ఇవాళే పనిలోకొచ్చాడే, ఆ నల్లకళ్ళజోడాయన కొడుతున్నాడు."

"ఇదే సర్వర్‌లోనా?" డిటెక్టివ్ అదిరిపడ్డాడు. "దొంగతనం జరిగిన గదిలోనే కొత్త అడ్రసు పెట్టావా?"

"దొంగ చేతులు కట్టేశాక గదికి భయమేంటి? పొద్దున్నించి మీ వదినగారిని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. వేయడానికి నాకు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. పోస్టుడబ్బాలాంటిది, వేయడమే గానీ తీయడం కుదరదు. తీయాలంటే పాస్‌వర్డ్ కావాలి."

బావమరిది అక్కడిదాకా వాళ్ళ వెనకాలే వచ్చాడు. కవర్లు సర్దుతూ అంతా విన్నాడు. ఆ తర్వాత ఎవరో క్లయింటు ఫోన్ చేస్తున్నాడంటూ పక్కకి వెళ్ళిపోయాడు. డిటెక్టివ్ అతన్ని పట్టించుకోలేదు. అతని ధ్యాసంతా మీటింగు గదిలో ఒంటరిగా కూర్చున్న వదిన మీద ఉంది.

వదిన టేబుల్ మీద రెండు చేతులూ ముడుచుకుని కూర్చుంది. మరిదిని చూడగానే లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సోమవారం భోజనాల వేళ ఎక్కడున్నావు వదినా?"

"చెప్పాను కదయ్యా. నా సీట్లోనే ఉన్నాను."

"చిన్నక్క కోర్టుకి బయల్దేరుతూ నీ సీటు వైపు చూసిందట. ఖాళీగా ఉందట."

చిన్నక్క అంటే గ్రూపులో రెండో టైపిస్టు, కోర్టుకి వెళ్ళినావిడ. వదిన ముఖంలో రంగు మారింది. "బాత్రూముకి వెళ్ళుంటాను" అంది.

"చెప్పులేసుకుని గేటు దాటడం వాచ్‌మన్ చూశాడు."

వాచ్‌మన్ అలాంటిదేమీ చూడలేదు. అది గాల్లో వేసిన రాయి. కానీ వదిన పెదవులు వణికాయి. ఇన్‌స్పెక్టర్ తృప్తిగా చేతులు కట్టుకున్నాడు. ఇన్నాళ్ళలో వదిన తనతో అబద్ధమాడడం డిటెక్టివ్ ఎరగడు.  నిజంగానే చేసిందా? ఎవరికోసం? అతను తల దించుకుని, బాగా తగ్గించిన గొంతుతో, "ఎక్కడికెళ్ళావు వదినా?" అన్నాడు.

"ఏంటయ్యా?" అంది వదిన, ఎడమచెవి ముందుకొచ్చేలా తల కొద్దిగా తిప్పి.

డిటెక్టివ్ చటుక్కున తలెత్తి చూశాడు. రికార్డింగులో దగ్గు చాటున పలికిన మాటని కూడా పట్టుకునే మనిషని ఈవిడకి పేరు. అడుగు దూరంలో ఉన్న తన మాట ఈవిడకి అందలేదు. అతను కావాలనే ఇంకా నెమ్మదిగా, పెదవులు కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

వదిన జవాబు చెప్పలేదు. వినపడలేదు. అతను చెయ్యి తీసి గట్టిగా అడిగాడు. "చెవి ఎన్నాళ్ళ నుంచి వినపడట్లేదు?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కుడిచెవి. ఆరు నెలలైంది. ఎదురు వీధిలో చెవి డాక్టరు ఉంటే వెళ్ళానయ్యా. ఆ రోజు డాక్టరు రాలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను. చెవుడని తెలిస్తే టైపింగ్‌లో ఎవరుంచుకుంటారు నన్ను? వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు దొంగతనం అంటున్నారు. దొంగనంటే నిలబడి కాదని చెప్పగలను. చెవిటిదానివంటే ఏం చెప్పను?"

డిటెక్టివ్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ మాత్రం మెత్తబడలేదు. "డాక్టరు రాలేదన్నారు. అంటే మిమ్మల్ని చూసినవాళ్ళు లేరు, పేరు రాయించుకున్నదీ లేదు. కథ బావుంది. కోర్టులో చెప్పండి."

కథలో నిజం ఉందని డిటెక్టివ్ గుండె చెప్తోంది. అతని గుండె మాట కోర్టు వినదు. ఇక మిగిలింది నల్లకళ్ళజోడాయన. అతన్ని కూడా ఒకసారి కదిపి చూడాలి.

నల్లకళ్ళజోడాయన హాల్లో తన సీట్లో కూర్చుని టకటకా కొట్టేస్తున్నాడు. ఆపరేషన్ అయిన కళ్ళకి వెలుగు పడదని పెద్ద నల్ల అద్దాలు పెట్టుకున్నాడు. ఆ అద్దాల్లోంచి ఏమైనా కనిపిస్తోందా అంటే, చూడాల్సిన అవసరం ఏముందండీ అన్నాడు. సరదా మనిషి.

"మీరు ఎప్పుడొచ్చారు?"

"ఇవాళ పొద్దున్నేనండీ. నెల తర్వాత ఇదే రావడం. రాగానే ఈ నర్సమ్మ వాంగ్మూలం చేతిలో పెట్టారు. సగం అయిపోయింది."

"గ్రూపు పాస్‌వర్డ్ కొట్టి తెరిచారా?"

"కొట్టకుండా ఎలా వస్తుందండీ?"

డిటెక్టివ్ మామూలుగా, ఏదో అడగాలి కాబట్టి అన్నట్టు అడిగాడు. "కొత్తది సర్వరాయన ఎప్పుడు చూపించాడు మీకు?"

"కొత్తదా?" టకటక ఆగింది. "మార్చారా ఏంటి? నాకెవరూ చెప్పలేదే."

 పక్క సీట్లో చిన్నక్క చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసింది. డిటెక్టివ్ సర్వరాయనని కేకేశాడు. సర్వరాయన పరుగున వచ్చి సంగతి విని, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"అబద్ధమండీ. ఈయన సెలవు పెట్టాక మార్చాను. రాగానే చూపిద్దామనుకున్నాను. ఈ పోలీసుల హడావిడిలో మరిచిపోయాను. పాతది కొడితే రాదు. ఈయనకెవరో కొత్తది చెప్పారు."

"నాకెవరు చెప్తారండీ?" నల్లకళ్ళజోడాయనకి కోపం వచ్చింది. "నెలకిందటిదే కొట్టాను. నీలిగాలి."

"అదిగో, పాతదే చెప్తున్నాడు. ఇప్పుడున్నది ఎర్రగొడుగు." సర్వరాయన నాలిక కరుచుకున్నాడు. అందరి ముందూ పాస్‌వర్డ్ చెప్పేయడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మెరిశాయి. అంటే ఈ గ్రూపులో వదిన ఒక్కతే కాదు, ఇంకో అబద్ధాలకోరు కూడా ఉన్నాడు. సెలవులో ఉన్నానంటూనే లోపలి సంగతులన్నీ తెలుసుకుంటున్నాడు. ముఠా అన్నమాట. అతను నల్లకళ్ళజోడాయన భుజం మీద చెయ్యి వేశాడు. డిటెక్టివ్ ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారని కదా అనుకుంటున్నావు. తేల్చుకుందాం. బాబూ, బయటికొచ్చేసి మళ్ళీ నా ఎదురుగా తెరవండి. మీ పాతదే కొట్టండి."

నల్లకళ్ళజోడాయన నీలం గ్రూపు మూసేసి మళ్ళీ నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. గది తెరుచుకుంది. సర్వరాయన నోరు కూడా దాంతోపాటే తెరుచుకుంది.

"చిన్నక్కా, నువ్వు కొత్తది కొట్టు."

చిన్నక్క కొట్టింది. తెరుచుకుంది.

పాతదీ నిజమే, కొత్తదీ నిజమే. ఒకే తాళానికి రెండు తాళంచెవులు.  డిటెక్టివ్ చిన్నక్కని లేవమని తను ఆ కుర్చీలో కూర్చున్నాడు. అరిగిపోయిన కీబోర్డు మీద అక్షరాలు కనిపించక అవస్థ పడుతూ, ఒక్కో కీ అడిగి తెలుసుకుంటూ, 'అబద్ధం' అని కొట్టాడు. నీలం గ్రూపు గది హాయిగా తెరుచుకుంది. మూసేసి మళ్ళీ నొక్కాడు. ఈసారి ఏమీ కొట్టకుండా ఎంటర్ ఒక్కటే నొక్కాడు. అప్పుడూ తెరుచుకుంది.

"ఇది తాళం కాదు" అన్నాడు డిటెక్టివ్. "తాళం బొమ్మ."

సర్వరాయన కింద కూలబడ్డాడు. విషయం మెల్లగా బయటికొచ్చింది. పాస్‌వర్డ్ మార్చిన వారమే పాత సర్వర్‌ని ఆపకుండానే దాని పక్కన కొత్తది పెట్టి, పనంతా దానికి మార్చారు. ఫైళ్ళూ గ్రూపులూ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వచ్చాయి. పాస్‌వర్డులు మాత్రం రాలేదు. పాస్‌వర్డ్ లేని గ్రూపు అంటే సర్వర్ లెక్కలో తెరిచిన గది. స్క్రీన్ మాత్రం అలవాటుగా అడుగుతూనే ఉంది, ఏం చెప్పినా సరేనంటోంది. హాల్లో కంప్యూటర్లన్నీ కొత్త సర్వర్‌కి తిప్పిన సర్వరాయన, తన సొంత కంప్యూటర్ తిప్పడం మరిచిపోయాడు. పాస్‌వర్డ్ మార్చింది పాతదాంట్లో. పనిచేస్తోందని చూసుకున్నదీ పాతదాంట్లోనే. అరచేతిలో రాసుకుని, చూపించి, చెయ్యి కడుక్కుని ఆయన చేసిన కాపలా అంతా ఎవరూ లేని ఇంటికి.

"మూడు వారాల్లో మీలో ఒక్కరు కూడా ఒక్కసారైనా తప్పు కొట్టలేదా?" ఇన్‌స్పెక్టర్ నమ్మలేకపోయాడు.

చిన్నక్కకి రోషం వచ్చింది. "తప్పు కొడితే మేం టైపిస్టులం ఎలా అవుతామండీ?"

డిటెక్టివ్‌కి నవ్వాగలేదు. తప్పు కొట్టని పనివాళ్ళు కాబట్టే తాళం ఊడిపోయిన సంగతి మూడు వారాలుగా వాళ్ళకి తెలియలేదు. అతను దాదాపు పరుగెడుతున్నట్టు మీటింగు గదిలోకి వెళ్ళి వదినని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎడమచెవి దగ్గర గట్టిగా చెప్పాడు. "పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళే దొంగలవ్వాలని లేదు వదినా. ఎవరైనా వెళ్ళొచ్చు. నిన్ను తీసుకెళ్ళడానికి ఇక కారణం లేదు." వదిన కుర్చీలో కూర్చుని చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చిన్నక్క ఆవిడ వీపు నిమురుతూ తనూ ఏడ్చేసింది. డిటెక్టివ్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అన్నయ్య పోయిన రోజు తర్వాత మళ్ళీ ఇవాళే అంత బరువెక్కిన అతని గుండె ఇప్పుడు తేలికైంది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి రెండు మాటలు అనాలని కూడా అనిపించింది. అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం మాడ్చుకుని విన్నాడు.

కొంతసేపటికి, కన్నీళ్ళు తుడుచుకున్న వదినే అడిగింది. "మరి ఎవరు వెళ్ళారయ్యా లోపలికి? తప్పు పాస్‌వర్డ్‌తో వస్తుందని ఎవరికైనా తెలియాలి కదా. తెలియాలంటే తప్పు కొట్టి చూసుండాలి."

తప్పు కొట్టి చూసుండాలి. గంట కిందట తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఒక మనిషి చెప్పిన మాట డిటెక్టివ్‌కి చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. పోయిన వారం ఏదో పాస్‌వర్డ్ కొట్టానన్నాడు. ముఖం మీదే తలుపేసిందన్నాడు. ఈ సర్వర్ మూడు వారాలుగా ఎవరి ముఖం మీదా తలుపేయలేదు.

"బావమరిది ఏడి?" అన్నాడు.

 వాచ్‌మన్‌ని పిలిస్తే, మేనేజర్ గారు బండేసుకుని వెళ్ళి చాలాసేపైందన్నాడు. డిటెక్టివ్ సర్వరాయనని రెక్క పట్టుకుని లేపాడు. "కొత్త వాంగ్మూలం ఎవరెవరు తెరిచారో చూడండి. త్వరగా."

ఈసారి సర్వరాయన తన కంప్యూటర్ వైపు వెళ్ళలేదు. సర్వర్ గదిలోకే వెళ్ళి, తలుపు తెరిచి ఉంచి అక్కడినుంచే అరిచాడు.  "రెండుసార్లండీ. పొద్దున ఒకసారి ఈ నల్లకళ్ళజోడాయన సీటు నుంచి. ఇంకోసారి మంచినీళ్ళ పక్కనున్న కంప్యూటర్ నుంచి. మీరంతా పెద్దక్కతో మీటింగు గదిలో ఉన్నప్పుడు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకున్నాడు. "ఆ ఇంటి దగ్గర కాపలా ఎవరు?"

 ఇన్‌స్పెక్టర్ కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి. ఆడమనిషిని అరెస్టు చేయాలంటే ఆడ కానిస్టేబుళ్ళు కావాలి. అతని స్టేషన్లో ఉన్నదే ఇద్దరు. నర్సుకి తోడుగా పెట్టిన ఆ ఇద్దర్నీ, ఒక గంటలో పంపేస్తాననుకుని, పెద్దక్క కోసం ఇక్కడికి రప్పించుకున్నాడు. వాళ్ళిద్దరూ గోడకానుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"ఫోన్ చెయ్యి" అన్నాడు డిటెక్టివ్. "స్పీకర్ పెట్టు."

ఇన్‌స్పెక్టర్ నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారికి కలిసింది. మోగింది. చాలాసేపు మోగింది. ఇక ఎత్తరనుకుంటుండగా అవతల నర్సు గొంతు, నిద్రలేచినట్టు కాదు, భయపడినట్టు కాదు, మామూలుగా వినపడింది.

"సార్, నేనే మీకు చేద్దామనుకుంటున్నాను. మా కానిస్టేబులమ్మలు వెళ్ళేటప్పుడు ఇంకొకరొస్తారని చెప్పారు కదా. వచ్చారు. టైపింగ్ సెంటర్ మేనేజర్‌నన్నారు, కార్డు చూపించారు. వాంగ్మూలం మీద నా సంతకం ఒకటి తక్కువైందట. కుర్చీ వేసి కూర్చోబెట్టాను."

ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి డిటెక్టివ్ ఫోన్ లాక్కున్నాడు. గొంతు వీలైనంత మామూలుగా ఉంచుకుంటూ అడిగాడు. "అమ్మా, ఆయన ఒక్కరే వచ్చారా?"

"లోపలికి ఒక్కరే వచ్చారండీ" అంది నర్సు. "తక్కిన నలుగురూ గేటు వేసి అక్కడే నిలబడ్డారు."